ఏటిగొంది డిపోలో ఆందోళన నివారణ

డ్రైవరు అబ్బులుకి భయం ఎక్కువ. ఈ సంగతి ఏటిగొంది డిపోలో అందరికీ తెలుసు, అతనూ దాచుకోడు. ఏటిగొంది కొండ మీద ఉంటుంది, పట్నం కొండ కింద ఉంటుంది, రెంటికీ మధ్య ఘాట్ రోడ్డు. ఆ రోడ్డులో ప్రతి మలుపుకీ ఒక పేరుంది. లారీ మలుపంటే అక్కడ లారీ పడిందని, పెళ్ళివారి మలుపంటే అక్కడ పెళ్ళివారు పడ్డారని. తన పేరు మీద కొత్త మలుపు పుట్టకూడదన్నదే అబ్బులు జీవితాశయం. అందుకని మలుపు వచ్చినప్పుడల్లా అతని కడుపులో ఏదో మెలిపడుతుంది, అరచేతులు చెమరుస్తాయి, కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళుతుంది. ఉద్యోగంలో చేరిననాటి నుంచీ ఇంతే. ఎక్కేవాళ్ళు మాత్రం అబ్బులు బండి అని తెలియగానే కిటికీకి తల ఆనించి హాయిగా నిద్రపోతారు. భయపడే పని అతను చూసుకుంటున్నాడు కదా అని వాళ్ళ ధీమా.

ఆ ఏడు వానలు ముందుగానే పట్టుకున్నాయి. బ్రేకు లైనర్లు అరిగిపోయాయి, కొత్తవి వెయ్యండి అని డ్రైవర్లు అడిగారు. స్టాకు లేదన్నారు. మళ్ళీ అడిగితే ఇండెంటు పెట్టామన్నారు. ఆ తర్వాత డ్రైవర్లు అడగడం మానేసి క్యాంటీను దగ్గర గుమిగూడి టీ తాగారు, ఇలాగైతే బళ్ళు ఆపేద్దామని వాళ్ళలో ఎవరో అన్నారు. లైనర్లు కొండెక్కి రాలేదు గాని ఈ మాట మాత్రం కొండ దిగి హెడ్డాఫీసుకి క్షణాల్లో చేరింది.

హెడ్డాఫీసు సర్క్యులర్ పంపింది. మామూలుగా అయితే అది ఇంగ్లీషులో వచ్చేది, ఏ గొడవా ఉండేది కాదు. కాని అవి తెలుగు భాషా వారోత్సవాల రోజులు. ఆ వారం పొడుగునా తెలుగులోనే రాయాలని ఆజ్ఞ. దాంతో సర్క్యులర్ ఇలా వచ్చింది: "డిపోలలో ఉద్యోగుల ఆందోళన తలెత్తు సూచనలు కనిపించుచున్నవి. కావున మేనేజర్లు ఆందోళన నివారణకు ముందస్తు చర్యలు గైకొని, ఆందోళనకారులను గుర్తించి, ఆందోళనరహిత వాతావరణమును తక్షణము నెలకొల్పవలెను."

రాసినవారి ఉద్దేశం సమ్మె. కాని చదివినవారు డిపో మేనేజర్ పరంజ్యోతి గారు. ఆయన కిందటి వారమే 'మానసిక ప్రశాంతత, సంస్థాగత ప్రగతి' అనే శిక్షణ శిబిరానికి వెళ్ళి, మెడలో పూసలదండతో తిరిగొచ్చారు. ఆందోళన అంటే గుండె దడ, చేతుల వణుకు, కడుపులో తిప్పడం అని అక్కడ బోర్డు మీద రాసి మరీ చెప్పారు. తెలుగులో ఈ మాట రెండు చోట్ల ఉద్యోగం చేస్తుంది, ఒకటి వీధిలో, ఒకటి కడుపులో. హెడ్డాఫీసు వీధి గురించి రాస్తే పరంజ్యోతి గారు కడుపు గురించి చదువుకున్నారు. చదువుకుని, తన సంస్థకి ఇంత మంచి మనసుందని తెలిసి కళ్ళు తుడుచుకున్నారు.

మర్నాడు తెల్లవారకముందే గేటు దగ్గర డ్రైవర్లందరినీ నిలబెట్టి ప్రసంగించారు.

"సోదర ఉద్యోగులారా, మీ అంతరంగ ఆందోళనను యాజమాన్యం సానుభూతితో పరిశీలించింది. తత్ఫలితంగా ప్రతి డ్రైవరూ విధులకు హాజరగుటకు ముందు పరగడుపున ప్రశాంతి అరిష్టం సేవించవలెనని నిర్ణయించడమైనది. ఇందులో అశ్వగంధ, జటామాంసి, తగర, సర్పగంధ మొదలైన వనమూలికలు కలవు. కేవలం ప్రకృతి సహజం. దుష్ఫలితాలు అనే ప్రసక్తే లేదు."

గోడ పక్కన నీలం రంగు పీపా ఒకటి ఉంది. దాని మీద గరిటె, పక్కన స్టీలు గ్లాసులు ఉన్నాయి.

"మరి లైనర్లండి?" అని వెనకనుంచి దొరబాబు అడిగాడు. దొరబాబు కూడా ఘాట్ డ్రైవరే. మనసులో ఏదీ ఉంచుకోడు, రాత్రిపూట కడుపులో మాత్రం కాస్త ఉంచుకుంటాడు.

"లైనర్ల గురించిన ఆలోచనే ఆందోళనకు మూలకారణమని గుర్తించాం. ఆ ఆలోచనను నివారిస్తున్నాం."

"అరిష్టవంటే కీడు కదండి," అన్నాడు అబ్బులు. "పొద్దుట పొద్దుటే అరిష్టం తాగి బండెక్కితే బావుంటదాండి?"

"అది జ్యోతిష్యంలో. వైద్యంలో అరిష్టం శుభప్రదం. తాగండి."

అందరూ తాగారు. చేదుగా ఉంది, వెనకాల కొంచెం తియ్యగా ఉంది, ఆ వెనకాల గొంతులో వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం దొరబాబుకి ఎక్కడో పరిచయమైనట్టనిపించి గ్లాసు మళ్ళీ చాపాడు.

తర్వాత గార్డు ఏసుపాదం దగ్గర ఊదడం. బండెక్కే ముందు ప్రతి డ్రైవరూ మిషన్లో ఊదాలి, తాగినవాడైతే మిషను కూస్తుంది, కూస్తే ఆ రోజు బండి ఇవ్వరు. ఇది ఎప్పటినుంచో ఉన్న నియమం. మొదట అబ్బులు ఊదాడు. పుట్టి బుద్ధెరిగాక కల్లు వాసన కూడా చూడని అబ్బులు ఊదితే మిషను కూసింది. ఏసుపాదం నోరు వెళ్ళబెట్టాడు. తర్వాతివాడు ఊదినా కూసింది. దొరబాబు ఊదితే ఆగకుండా కూసింది.

అరిష్టమంటే పులియబెట్టిన మందు. పులిసిన దాంట్లో దానంతటదే కొంత సారా పుడుతుంది. మందులు నూరేవాళ్ళందరికీ తెలిసిన సంగతే, మందులు ఆర్డరు చేసేవాళ్ళకి తెలియలేదు.

"ఏం చెయ్యమంటారండి?" అన్నాడు ఏసుపాదం. "రూలు పెకారం ఈళ్ళందర్నీ ఇంటికి పంపెయ్యాలండి."

పరంజ్యోతి గారు తల పట్టుకున్నారు. తాగమన్నది సర్క్యులర్, తాగొద్దన్నది మాన్యువల్, రెండూ యాజమాన్యం ఆజ్ఞలే.

"ముందు ఊదేసి తరవాత తాగితే సరిపోద్దేమోనండి," అన్నాడు అబ్బులు.

"ఊదిన తర్వాత తాగితే, తాగి బండెక్కినట్టవుతుంది. తాగిన తర్వాత ఊదితే, పరీక్షకు నిలబడి బండెక్కినట్టవుతుంది. క్రమం మార్చడానికి వీల్లేదు." ఆయన కాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించి తీర్పు చెప్పారు. "మద్యం రెండు విధాలు. ఔషధ మద్యం, అనౌషధ మద్యం. మిషను మద్యాన్ని మాత్రమే గుర్తిస్తుంది, ఉద్దేశాన్ని గుర్తించలేదు. కావున మిషను కూసిన మీదట గార్డు స్వయంగా నోటి వాసన పరిశీలించి, మూలికల పరిమళం ఉన్నచో అనుమతించవలెను."

ఆ రోజు నుంచి దొరబాబు బతుకు మూడు పువ్వులు ఆరు కాయలైంది. రాత్రి తాగినదంతా పొద్దున్న మూలికల పరిమళం కింద దాక్కునేది. ఏసుపాదానికి మాత్రం పొద్దున్నే అన్ని నోళ్ళు వాసన చూసేసరికి కడుపులో దేవి, టిఫిను సయించేది కాదు.

అబ్బులు ఆ ఉదయం ఎప్పటిలాగే తన ఆరుగంటల బండి తీసి ఘాట్ దిగాడు. లారీ మలుపు వచ్చింది. భయం రాలేదు. పెళ్ళివారి మలుపు వచ్చింది. అప్పుడూ రాలేదు. అరచేతులు పొడిగా ఉన్నాయి, వాన చినుకులు అద్దం మీద జారుతుంటే చూడముచ్చటగా ఉంది, స్టీరింగు వదిలేసినా బండే మెల్లగా ఎక్కడికో చేరుకుంటుందిలే అనిపించింది. కాలు బ్రేకు మీదికి ఆలస్యంగా, ఏదో మొహమాటానికి వెళ్ళినట్టు వెళ్ళింది. పట్నం బస్టాండులో ఆగి వెనక్కి తిరిగి చూస్తే, ఎప్పుడూ నిద్రపోయే జనం ఆ రోజు కళ్ళు విప్పార్చుకుని, కడ్డీలు పట్టుకుని కూర్చున్నారు. దిగబోతే అబ్బులుకి కళ్ళు బైర్లు కమ్మాయి, తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. అప్పుడు తెలిసొచ్చింది, తాను ఎలా దిగొచ్చాడో తనకే గుర్తులేదని.

తిన్నగా పట్నంలో ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రికి వెళ్ళాడు. అక్కడ డాక్టరు హైమవతి గారు నాడి చూసి, బీపీ చూసి, ఏం తాగావని అడిగి, విని తల కొట్టుకున్నారు.

"బీపీకి ఇంగ్లీషు మాత్ర వేసుకుంటున్నావా?"

"రోజూ పొద్దుట ఏసుకుంటానండి."

"సర్పగంధ కూడా బీపీని దించుతుంది బాబూ. రెండూ కలిసి దించితే నువ్వే పడిపోతావు. తగరకి నిద్ర వస్తుంది. నిద్రొచ్చే మందు తాగితే పడుకోవాలి గాని బస్సు నడపకూడదు. అశ్వగంధ కూడా అందరికీ పడదు, కొందరికి లివరు మీద పడుతుంది."

"చెట్ల మందే కదండి, ఏం చెయ్యదన్నారండి మా మేనేజరు గారు."

"ఉమ్మెత్తకాయ కూడా చెట్టుకే కాస్తుంది. ఈ మందులు చెడ్డవని కాదు, నేనూ ఇస్తాను. మనిషిని చూసి, వాడు ఇంకేం మందులు వాడుతున్నాడో అడిగి ఇస్తాను. పీపాలో గరిటె ముంచి వరసగా పోసేది వైద్యమా? నువ్వు అది ముట్టుకోకు. ఇంతకీ నీకు భయం ఎప్పుడు వేస్తుంది?"

"మలుపు కాడండి."

"మలుపు దాటాక?"

"పోద్దండి."

"అది జబ్బు కాదు," అని ఆవిడ తర్వాతి రోగిని పిలిచారు.

మర్నాడు గేటు దగ్గర అబ్బులు గ్లాసు పట్టుకోలేదు. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాడు. పరంజ్యోతి గారు కోప్పడలేదు. ప్రశాంతత శిబిరానికి వెళ్ళొచ్చినవారు కాబట్టి జాలిపడ్డారు.

"చూడు అబ్బులూ. అరిష్టం తాగనివాడికి ఆందోళన తగ్గదు. తగ్గదంటే ఉన్నట్టే కదా?"

"ఉందండి. లేదని నేనెప్పుడన్నానండి?"

"ఆందోళన ఉన్నవాణ్ణి ఏమంటారు? ఆందోళనకారుడు. ఆందోళనకారులను గుర్తించమని స్పష్టమైన ఉత్తర్వు ఉంది. నిన్ను గుర్తించాను. ఇక నీకు బండి ఇవ్వడానికి వీలుపడదు."

ఆరుగంటల బండి తాళం దొరబాబు చేతికి వెళ్ళింది. అబ్బులు చెట్టంత మనిషి, గేటు పక్కన నిలబడి తన బండి తనను దాటి వెళ్ళిపోతుంటే కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఉద్యోగం పోతుందన్న దిగులు కంటే, లోపల కూర్చున్న జనం గురించిన దిగులే ఎక్కువగా ఉంది. రోజూ ఎక్కే టీచరమ్మ, కూరగాయల గంపలవాళ్ళు, ఆసుపత్రికెళ్ళే ముసలమ్మ, అందరూ అబ్బులే నడుపుతున్నాడనుకుని అప్పుడే కళ్ళు మూసుకుంటున్నారు.

పదిహేను రోజులు తిరక్కుండానే డిపోలో ప్రశాంతత వెల్లివిరిసింది. డ్రైవర్లు లైనర్ల మాటెత్తడం మానేశారు. దారిలో ఎక్కడ నీడ కనిపిస్తే అక్కడ బండి ఆపి కునుకు తీసేవారు. ఒకాయన సగం ఘాట్ దిగి, ఎందుకు దిగుతున్నాడో మరిచిపోయి, బండి తిప్పుకుని మళ్ళీ డిపోకే వచ్చాడు. అతని మొహంలో వెలుగు చూసి పరంజ్యోతి గారు ఫొటో తీయించి నోటీసు బోర్డు మీద పెట్టించారు. జనం మాత్రం గగ్గోలు పెట్టారు. డ్రైవర్లు తూగుతున్నారు, ఎక్కాలంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవలసి వస్తోందని ఫిర్యాదులు మోశారు.

"ప్రయాణికులలోనూ ఆందోళన తలెత్తినట్టు స్పష్టమవుతున్నది," అన్నారు పరంజ్యోతి గారు. వెంటనే ఏటిగొంది బస్టాండులో ఇంకో పీపా వెలిసింది. టిక్కెట్టుతోబాటు చిన్న కప్పు అరిష్టం ఇచ్చారు. ఊరికే ఇస్తున్నారనేసరికి ప్రయాణం లేనివాళ్ళు కూడా టిక్కెట్టు కొన్నారు. ఫిర్యాదులు ఆగిపోయాయి. బస్సు వెళ్ళిపోతున్నా జనం బల్లల మీంచి లేచేవారు కాదు, ఇంకోటి వస్తుందిలే అనుకునేవారు.

ఇక్కడ పరంజ్యోతి గారికి చిన్న చిక్కు వచ్చింది. ఘాట్ రోడ్డులో బండికి ఒకరైనా అప్రమత్తంగా ఉండి తీరాలని మాన్యువల్‌లో ఉంది. డ్రైవరుకి ఆందోళన ఉండకూడదు, కండక్టరూ అరిష్టం మరిగాడు, ప్రయాణికుల సంగతి సరేసరి. ఆయన అబ్బులుని పిలిపించారు.

"నిన్ను 'అప్రమత్తతా సహాయకుడు'గా నియమిస్తున్నాం. ఆరుగంటల బండిలో ఇంజను పక్క సీట్లో కూర్చోవాలి."

"కూచుని ఏం చెయ్యాలండి?"

"భయపడాలి."

అబ్బులు తల గోక్కున్నాడు. "ఎవరికండి?"

"ఎవరికీ కాదు. అందరి తరఫునా. మలుపు వచ్చినప్పుడు భయపడి, ఆ విషయం డ్రైవరుకు మర్యాదగా తెలియజేయాలి. స్టీరింగు ముట్టుకోకూడదు. కేకలు వేయరాదు, దానివల్ల ఇతరులలో ఆందోళన వ్యాపిస్తుంది. డ్యూటీ ముగియగానే భయం కూడా ముగించాలి. ఓవర్‌టైము ఉండదు."

అబ్బులు ఒప్పుకున్నాడు. స్టీరింగు లేకపోయినా ఆ బండిలో ఉండొచ్చన్నదొక్కటే అతనికి వినబడింది.

తొలి వారం ఎలాగో గడిచింది. "దొరబాబూ, మలుపొచ్చేత్తంది, కాస్త చూడు నాయనా," అని అబ్బులు బతిమాలడం, "ఔను బావా, బాగుంది మలుపు," అని దొరబాబు మురిసి, ఆఖరి క్షణంలో తిప్పడం. ఇంటికెళ్ళేసరికి అబ్బులు ఒళ్ళు పులిసిపోయేది. బండెడు జనం భయమంతా ఒక్కడే పడాలంటే మాటలు కాదు.

ఒకనాడు కుండపోత వాన. పెళ్ళివారి మలుపు వస్తోంది. అబ్బులు మర్యాదగా తెలియజేశాడు. దొరబాబు చిరునవ్వు నవ్వాడు గాని తిప్పలేదు. చూస్తే కళ్ళు మూసుకుని నవ్వుతున్నాడు. అబ్బులు మర్యాద పక్కన పెట్టి, కొండ దద్దరిల్లేలా అరిచి, మీదపడి స్టీరింగు లాగి, దొరబాబు కాలి మీద తన కాలేసి బ్రేకు తొక్కాడు. అరిగిన లైనర్లు కీచుమన్నాయి. బండి జారి, పక్కకి తిరిగి, పిట్టగోడని పడగొట్టి ఆగింది. ముందు ఎడం చక్రం గాల్లో ఉంది. దాని కింద చెట్ల తలలు కనబడుతున్నాయి.

"అందరూ ఎనకనుంచి దిగిపొండి బాబూ, తొరగా," అన్నాడు అబ్బులు.

ఎవరూ కదల్లేదు. "ఊరొచ్చేసిందా నాయనా?" అని ముసలమ్మ అడిగింది.

"రాలేదు మామ్మా. బండి పడిపోయేలాగుంది, దిగు."

"ఊరు రాకుండా దిగడవెందుకు?"

"గాలి బా వత్తందండి ఇక్కడ," అన్నాడు కూరగాయల గంప పెద్దమనిషి ఒకాయన. "కాసేపుండి ఎల్దారి."

టీచరమ్మ కిటికీలోంచి లోయ చూసి, ఎంత పచ్చగా ఉందో అంది. బండి ఒకసారి కిర్రుమని ముందుకి ఒరిగింది. అబ్బులు చేతులు జోడించాడు, తిట్టాడు, ఏడ్చాడు. చావు మాట చెప్పినా వాళ్ళకి పట్టలేదు. ఇక ఏం చెయ్యాలో తోచక, వాళ్ళ ఒంట్లో అరిష్టం చేరని చోటు ఎక్కడైనా మిగిలిందేమోనని వెతుక్కుని, ఒక్క కేక పెట్టాడు.

"ఎనకాల ఇంకో బండొచ్చిందండోయ్. కాళీగా ఉంది, కిటికీ సీట్లున్నాయి."

బండంతా లేచింది. ముసలమ్మ అందరికంటే ముందు వెనక తలుపు దగ్గరుంది. ఒకాయన వాన్లోకి తువ్వాలు విసిరి సీటు ఆపుకున్నాడు, సీటు ఎక్కడుందో మాత్రం చూసుకోలేదు. దొరబాబుని అబ్బులు భుజానేసుకుని ఆఖరున దిగాడు. అందరూ తడుస్తూ, రాని బండి కోసం నిమ్మళంగా నిలబడ్డారు. అబ్బులు రోడ్డు మధ్యలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

విచారణకి హెడ్డాఫీసు నుంచి శేషతల్పశాయి గారు జీపులో కొండెక్కి వచ్చారు. మేనేజరు గదిలో కూర్చుని అంతా విన్నారు. విన్నాక ఆయన మొదట అన్నమాట: "ఆందోళన అంటే సమ్మె అయ్యా. మేం రాసింది సమ్మె గురించి."

పరంజ్యోతి గారి మొహం పాలిపోయింది.

"సమ్మె జరిగిందా?" అన్నారు శేషతల్పశాయి గారు.

"లేదు సార్. ఎవరికీ ఓపిక లేదు సార్."

"లైనర్ల గురించి అడిగారా?"

"మరిచిపోయారు సార్."

శేషతల్పశాయి గారు కుర్చీలో వెనక్కి వాలారు. "అంటే ఉత్తర్వు ఆశించిన ఫలితం సిద్ధించింది. మార్గభేదమే తప్ప లక్ష్యభేదం లేదు. ఈ పథకాన్ని అన్ని డిపోలకూ విస్తరించాలని సిఫారసు చేస్తాను. ప్రమాద సమయంలో ప్రయాణికుల స్పందన ఎలా ఉంది?"

"ఒక్కరిలో కూడా ఆందోళన వ్యక్తం కాలేదు సార్. ఒక్క ఇతను తప్ప."

అబ్బులు తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేరాలు చదివి వినిపించారు. బస్సులో కేకలు వేయుట, ఇతరుల స్టీరింగు ముట్టుకొనుట, లేని సర్వీసు ఉన్నట్టు ప్రకటించి ప్రయాణికులను తప్పుదోవ పట్టించుట.

"ఎందుకు అరిచావు?" అన్నారు శేషతల్పశాయి గారు.

"భయమేసిందండి."

"ఆ ఒక్కటి చాలు," అని సస్పెన్షన్ ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. అబ్బులు అది మడిచి జేబులో పెట్టుకుని వరండాలోకి వచ్చాడు.

అప్పటికి పొద్దువాలింది. వాన తగ్గలేదు, ఘాట్ మీద మంచు దిగింది. శేషతల్పశాయి గారు బయటికొచ్చి జీపు వైపు చూశారు. లోపల ఆయన డ్రైవరు నోరు తెరుచుకుని గుర్రుపెడుతున్నాడు.

"అతిథి మర్యాదగా రెండు గరిటెలు పోయించాం సార్," అన్నారు పరంజ్యోతి గారు.

"వేరే ఎవరినైనా ఇవ్వండి."

"దొరబాబు ఉన్నాడు సార్."

శేషతల్పశాయి గారు ఘాట్ మీది మంచు వైపు చూశారు. "అరిష్టం తాగనివాడు ఎవరూ లేరా?"

"ఒక్కడు కూడా లేడు సార్. మీ సర్క్యులర్ నూటికి నూరు పాళ్ళు అమలు చేశాం." పరంజ్యోతి గారు వరండా వైపు చూసి ఆగారు. ఇద్దరూ అటే చూశారు.

శేషతల్పశాయి గారు అబ్బులు దగ్గరికి వచ్చి చెయ్యి చాపారు. జేబులోని ఉత్తర్వు తీసుకుని, స్తంభానికి ఆనించి తేదీ కొట్టేసి మర్నాటి తేదీ వేసి తిరిగి ఇచ్చారు. "సస్పెన్షన్ రేపటి నుంచి అమలులోకి వస్తుంది. ఇవాళ్టికి నువ్వు డ్యూటీలోనే ఉన్నావు. పద."

అబ్బులు జీపెక్కి, గుర్రుపెట్టేవాణ్ణి వెనక సీట్లోకి నెట్టి, అద్దం తుడుచుకున్నాడు. జీపు గేటు దాటింది. దీపాల వెలుగులో మొదటి మలుపు కనబడగానే బండి నిదానించాడు.

"ముందే చెప్పేత్తన్నానండి," అన్నాడు. "నాకు ఆందోళన పోలేదండి. ఇప్పుడు కూడా కడుపులో తిప్పేత్తంది, చేతులు చెమటలు పట్టేత్తన్నాయి."

శేషతల్పశాయి గారు ముందున్న కడ్డీని రెండు చేతులా పట్టుకున్నారు.

"ఉండనీ నాయనా," అన్నారు. "కిందికి దిగేదాకా ఉండనీ."